సివిల్ చదివి నీళ్ల పని దిక్కు పోవాల్నా? ఈ పనిల ఉన్నోళ్లు చెప్పుండ్రి

మర్రిగూడ_దిక్కు:

అందరికి నమస్తె. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దిక్కు ఊరు. 2020ల సివిల్ బీటెక్ అయిపోయింది, అప్పటిసంది హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ సైట్లల్ల క్వాలిటీ చూస్తున్న, కాంక్రీట్ క్యూబులు తెచ్చుడు, మిషన్ల పెట్టి పగలగొట్టుడు, నంబర్ రాసుడు. పని చెడ్డదని కాదు గాని నా మనసు దీంట్ల లేదు.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు మా పొలం కాడికి ఇద్దరు వచ్చిండ్రు. ఒకాయిన చేతుల చక్రానికి చుట్టిన టేపు ఉన్నది, కొసకు గుండు అసొంటిది ఉన్నది. మేము మూడేండ్ల కింద మోటర్ తీసేసిన బోరు మూత తీసి అండ్లకు మెల్లగ ఇడిసిండు. చానసేపు టేపు పోతనే ఉన్నది, ఒక్కసారి చక్రం కీ మన్నది, ఆయన అక్కడ్నే ఆపి మళ్ల రెండు మూడు సార్లు పైకి కిందికి అని "నలభై ఒకటి పాయింట్ రెండు" అన్నడు, పక్కాయిన రాసుకున్నడు. మా నాయిన పక్కపొంటి నిలబడి చూస్తున్నడు. ఆ బోరు ఎండిపోయిందని మేము దాన్ని ఇడిసిపెట్టినం, అండ్ల ఇంక నీళ్లు ఉన్నయని ఆ రోజే తెలిసింది. మోటర్ పెడితే పది నిమిషాలకు అయిపోయేటన్నే ఉన్నయని ఆయన చెప్పిండు గాని, నాయిన ఆ రోజంత దాని ముచ్చటే.

మా నాలుగెకరాలల్ల ఏడు బోర్లు ఏసినం, రెండు పోస్తున్నయ్. అన్నిటికన్న లోతుది 620 ఫీట్లు. ఆ అప్పు ఇంక ఉన్నది.

నేను అడిగేది ఏందంటె, ఈ వాటర్ రిసోర్స్ స్పెషలిస్ట్ అంటే అసలు రోజు ఏం పని చేస్తరు, ఊర్లు తిరుగుడు ఎంత, ఆఫీస్‌ల కూసొని రిపోర్ట్‌లు రాసుడు ఎంత, దీనికి ఎంటెక్ తప్పనిసరా, సివిల్ వాళ్లను తీసుకుంటరా లేకపోతే జియాలజీ వాళ్లనేనా, ఇల్లు నడుస్తదా. నాయినను అడిగితే నీళ్లు చూసెటాయన కొబ్బరికాయ పట్టుకొని వస్తడు గద, దానికి నువ్వు ఇంక రెండేండ్లు చదువుడెందుకు బిడ్డా అన్నడు. నాకు ఏం జవాబు చెప్పాల్నో తెల్వలే.

———

రాతికింద_చెలిమె:

తమ్మీ, నేను 19 ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. జియాలజీ దిక్కుకెళ్లి వచ్చిన. నువ్వు చూసినదాన్ని సౌండర్ అంటం, కొసకున్న గుండు నీళ్లకు తాకంగనే కరెంట్ దారి కలిసి కీ మంటది. నేను ఉద్యోగంల చేరిన మొదటి ఏడంత అదే పట్టుకొని తిరిగిన, బండి మీద రోజుకు పది పన్నెండు బోర్లు. అప్పుడు ఇదేం పని అనిపించింది గని, ఒకటే బోరును నెలనెల కొలిచి గీత గీస్తే వానకు ఎప్పుడు లేస్తుందో, ఎండాకాలం ఎంత దిగుతుందో కండ్లకు కనవడ్డది, ఇగ అప్పటిసంది ఇడిసిపెట్టలే.

ముందు మన నేల సంగతి చెప్త. నల్గొండ, పాలమూరు కింద ఉన్నది చానమట్టుకు గ్రానైట్, నైస్ రాయి. గోదావరి ఇసుకల లెక్క ఏడ తవ్వితే ఆడ నీళ్లుండవు. పైన మొరం పొర, అంటే రాయి మెత్తవడి పొడి అయినది, దాని కింద పగుళ్లు, ఇంక కిందికి పోతే గట్టి బండ. నీళ్లు నిలిచేది ఎక్కువ ఆ మొరంల, మొరం కింద పగుళ్లల్ల. మన తాతలు తవ్విన మోట బావులు ఆ మొరం దాక పోయి ఆగినయ్, అండ్ల నీళ్లు మళ్ల వానకు నిండుతుండె. బోర్లు వచ్చినంక మనం బండలకు పోయినం. మొరం ఎండిపోయినంక దాని కింద ఉన్న పగులుకు నీళ్లు పంపెటోడు లేడు, అందుకే 620 ఫీట్లు ఏసినా మొదటి రెండు నెలలు పోసి ఆగిపోతది.

ఇగ కొబ్బరికాయ ముచ్చట. నేను ఆ పెద్దమనుషులను తక్కువ చేసి మాట్లాడ. వాళ్లకు ఆ ఊరి ఒర్రెలు, పుట్టలు, ఎండాకాలంల కూడ ఏ చెట్టు పచ్చగుంటదో అన్ని తెలుసు, చేతిల ఉన్న కాయకన్న ఆ కన్నే ఎక్కువ పనిచేస్తది. మేము చేసేది రెసిస్టివిటీ సర్వే. భూమిల ఇనుప గూటాలు కొట్టి కరెంట్ పంపిస్తం, ఎండాకాలం నేల ఎండి ఉంటది గనుక గూటం కాడ చెంబెడు నీళ్లు పోస్తం, గూటాలు దూరం జరుపుకుంట పోతే కరెంట్ లోతుకు పోతది, తడి ఉన్న మొరం తక్కువ ఓములు చూపెడుతది, గట్టి బండ వేలల్ల చూపెడుతది. మొరం ఎంత మందం ఉన్నదో మంచిగ చెప్పొచ్చు. 400 ఫీట్ల కింద చెయ్యి మందం పగులు ఉన్నదా లేదా అంటే మా మీటర్ కూడ గట్టిగ చెప్పలేదు.

ఇది నేను పుస్తకంల చదివి చెప్తలే. 2011ల దేవరకొండ అవుతల ఒక రైతుకు పాయింట్ పెట్టిన. నాకు పూర్తి నమ్మకముండె. 480 ఫీట్లు పోయినా దుమ్మే వచ్చింది, తెల్లటి దుమ్ము, రిగ్గు చుట్టూ మనుషులందరి మీద పడ్డది. రైతు ఒక్క మాట అనలే. ఆయన భార్య ఇంట్లకెళ్లి బిందెల నీళ్లు తెచ్చి నాకు ముఖం కడుక్కోమని పోసింది. ఆ నీళ్లు ఆమె కిలోమీటర్ అవుతలికెళ్లి మోసుకొచ్చినయ్. ఆ రోజు తర్వాత నేను ఏ రైతుకైనా పాయింట్ చెప్పేముందు ఇది తప్పొచ్చు, ఇక్కడ ఇప్పటికే ఇన్ని బోర్లు ఫెయిల్ అయినయ్, అప్పు తెచ్చి వెయ్యకు అని మొదలు చెప్త, ఆ తర్వాతనే గూటం కొడత.

అయితే పాయింట్ చూసుడు మా పనిల చిన్న ముక్క. అసలు పని లెక్క. నువ్వు ఇంజనీర్‌వు గనుక ఒకసారి నాతోని చెయ్యి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే 4,047 లీటర్లు. మనకు ఏడాదికి మొత్తం 700 మిల్లీమీటర్లు అనుకో, పాలమూరుల కొన్ని మండలాలకు ఇంక తక్కువ. మొరం నేలల్ల దాంట్ల భూమిలకు ఇంకేది నూటికి అయిదు నుంచి పన్నెండు పాళ్లు. పది వేసుకో, 70 మిల్లీమీటర్లు. అంటే ఎకరానికి ఏడాదికి 2 లక్షల 83 వేల లీటర్లు. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలె, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్ల పైనే. భాగించు. ఒక్క ఎకరం యాసంగి వరి 17 ఎకరాల మీద ఇంకిన నీళ్లు తాగుతది. మడిలకెళ్లి కొంత మళ్ల కిందికే దిగుతది, అది తీసేసినా పదెకరాల అటిటు. మీ నాలుగెకరాలల్ల ఒక ఎకరం వరి పెట్టినా, మీరు పక్కోళ్ల చేన్ల కింద నీళ్లు గుంజుతున్నరు, పక్కోళ్లు మీయి గుంజుతున్నరు. అందుకే పోటీ మీద బోర్లు లోతుకు పోతయ్.

ఈ లెక్క ఒక చెరువుకు, ఒక వాగుకు, ఒక మండలానికి, ఒక నది బేసిన్‌కు చేసుడే ఈ ఉద్యోగం. వాన ఎంత, పారింది ఎంత, ఇంకింది ఎంత, గుంజింది ఎంత. ఊర్లల్ల కొలుసుడు, ఆఫీస్‌ల లెక్క కట్టుడు, మళ్ల ఊర్లకు పోయి చూసుడు. నా మట్టుకు నెలల పన్నెండు పదమూడు రోజులు బయటనే, ఎండాకాలం ఇంక ఎక్కువ.

———

తూముకాడ:

పై సార్ భూమి కింది ముచ్చట చెప్పిండు, నేను భూమి పైది చెప్త. ఇరిగేషన్‌ల 31 ఏండ్లు చేసి రిటైర్ అయిన, ఎక్కువ కాలం సాగర్ ఎడమ కాల్వ మీద. నెహ్రూ గారు 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేసిండ్రు, 1967ల కాల్వలకు నీళ్లు ఇడిసిండ్రు, మా నాయిన ఆ నీళ్లు చూసిన తరం. నేను ఉద్యోగంల చేరినప్పుడు నీళ్లు ఇడుసుడు అంటే గేటు లేపుడు అనుకున్న. గేటు లేపేది లష్కర్ చేస్తడు. ఇంజనీర్ చేసే పని, తల కాడ ఇడిసిన నీళ్లు చివరి ఆయకట్టుకు చేరేటట్టు చూసుడు, అది రాత్రి పూట టార్చిలైట్ పట్టుకొని కాల్వ కట్ట మీద నడిసే పని.

ఒక మేజర్ కాల్వ మీద తల కాడ గేజి పలక మీద నీళ్లు నిండుగ కనపడుతుండె, చివరి తూముకు పోయేసరికి కాల్వ అడుగున తుంగ కనపడుతుండె. నడుమ ఏమైతుందో తెలుసుకునెటందుకు ప్రతి తూము కాడ గేజి పెట్టి వారం రోజులు పొద్దున, సాయంత్రం చదివిపిచ్చిన. ఎక్కడెక్కడ ఎంత మాయమైతుందో కాయితం మీద వచ్చింది, కొంత కట్టల గండ్లు, కొంత పూడిక, కొంత కాల్వల మోటర్లు పెట్టుడు. ఆ కాయితం పట్టుకొని పైనున్న ఊరోళ్లను, కిందున్న ఊరోళ్లను ఒక్క కాడ కూసొపెట్టినం. తిట్టుకున్నరు, మస్తు తిట్టుకున్నరు. కాని లెక్క ముందర ఉన్నది గనుక ఎవ్వరు అబద్ధం అనలేకపోయిండ్రు. వారబందీ పెట్టుకున్నరు, నాలుగు రోజులు పైనోళ్లకు, మూడు రోజులు కిందోళ్లకు. ఆ యాసంగి చివరి ఊర్లె వడ్లు పండినయ్.

ఈ పని కొత్తది కాదు బాబూ. మన చెరువుల కింద నీరటి ఉంటుండె. తూము తీసుడు, మూసుడు, మడికి మడికి నీళ్లు పంచుడు అంత ఆయనదే, పంట కాలంల కళ్లం కాడ గింజలు ఇస్తుండె ఊరు. చెరువు సగమే నిండిన ఏడు తూము రాయి మీద నీళ్ల మట్టం చూసి ఈసారి ఇంత భూమికే అని నీరటి, ఊరి పెద్దలు కూసొని ఒప్పుకుంటుండె, తూముకు దగ్గరున్న భూమినే అందరు పంచుకొని పండిస్తుండె. పానగల్ల ఉదయసముద్రం కందూరు చోళుల కాలం చెరువు, ఇయ్యాల ఎఎమ్మార్పీ, అంటే ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్ట్ నీళ్లు అండ్లకే వస్తున్నయ్. నల్గొండకు పోతే కట్ట మీద ఒకసారి నిలబడి చూడు.

ఇంకో జాగ కూడ చూడు, వనపర్తి దిక్కు సరళాసాగర్. 1959ల పూర్తయింది, నీళ్లు నిండంగనే వాటంతట అవే దుంకే సైఫన్లు ఉన్నయ్, గేటు లేపే మనిషి అక్కర్లేదు. అసొంటి చెరువు కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది. మట్టికట్టకు రోజు చూసే మనిషి కావాలె, ఏడ తడి వస్తుంది, ఏడ ఎలుక బొరియ పడ్డది, ఏడ తుమ్మ చెట్టు ఏర్లు దిగినయ్. డిజైన్ నేర్సుకో, దాంతోపాటు కట్ట మీద నడుసుడు కూడ నేర్సుకో.

2015ల మిషన్ కాకతీయ వచ్చినప్పుడు పూడిక తీసినం, మంచి పనే. కాని మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు అలుగు దుంకితేనే కింది చెరువు నిండుతది. నడుమ పాటు కాల్వ మీద ప్లాట్లు పడితే పూడిక ఎంత తీసినా నీళ్లు రావు. ఆ కాల్వలు ఏడికెళ్లి పోతుండెనో పాత గ్రామ నక్షల ఉంటది. నక్ష చదువుడు వచ్చిన ఇంజనీర్లు తక్కువైండ్రు, నువ్వు నేర్సుకుంటె నీకు పని కరువుండదు.

———

గేట్_రాసిన:

చదువు గురించి అడిగినవ్ గద, దాని వరకే చెప్తా. ఎంటెక్ కావాలంటే గేట్ రాయి, ఎన్ఐటీ వరంగల్‌లో వాటర్ రిసోర్సెస్ ఉంది, ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీకి సెపరేట్ డిపార్ట్‌మెంటే ఉంది. గవర్నమెంట్ వైపు అయితే సివిల్ వాళ్లకి స్టేట్‌లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్), సెంట్రల్ వాటర్ కమిషన్‌కి ఇంజనీరింగ్ సర్వీసెస్ ఎగ్జామ్. సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డ్‌లో హైడ్రోజియాలజిస్ట్ పోస్ట్‌లకి మాత్రం యూపీఎస్సీ జియో సైంటిస్ట్ ఎగ్జామ్, దానికి జియాలజీ పీజీ ఉండాలి, అది మన సివిల్ వాళ్లకి కుదరదు, ముందే తెలుసుకో, నేను తెలియక ఆరు నెలలు దాని సిలబస్ చదివా. కన్సల్టెన్సీల్లో, ఎన్జీవోల్లో రెండు రకాల వాళ్లనీ తీసుకుంటారు. జీతం మొదట్లో సైట్ ఇంజనీర్ కన్నా పెద్దగా ఎక్కువ రాదు, నాకు మూడో ఏడాది తర్వాతే కొంచెం ఊపిరాడింది. ఇంట్లో అప్పు ఉంది అన్నావు కాబట్టి ఉద్యోగం మానేయకుండా ఇప్పటి నుంచే క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో, ఫ్రీ, మీ ఊరి వాటర్‌షెడ్, అంటే వాన నీళ్లు ఒకే చోటికి పారే ప్రాంతం, నువ్వే గీయొచ్చు. ఎక్సెల్ బాగా రావాలి, నదుల్లో, భూమి కింద నీళ్ల లెక్కకి వాడే హెక్-రాస్, మాడ్‌ఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్లు తర్వాత చూసుకోవచ్చు.

———

పాలమూరు_అక్క:

నేను ఇంజనీర్‌ను కాదు, సోషల్ వర్క్ చదివిన, 14 ఏండ్ల సంది పాలమూరు ఊర్లల్ల నీళ్ల లెక్క పనే. పై ఇద్దరు లెక్క కట్టుడు చెప్పిండ్రు, ఆ లెక్క ఊరికి ఎట్ల చెప్పాల్నో నేను చెప్త, ఎందుకంటే చానమంది చదువుకున్నోళ్లు ఈడనే ఓడిపోతరు.

2003ల మన ఉమ్మడి రాష్ట్రంల ఏడు కరువు జిల్లాలల్ల రైతులే భూగర్భ జలాలు చూసుకునే ప్రాజెక్ట్ ఒకటి మొదలైంది, ఏపీఎఫ్ఏఎమ్‌జీఎస్ అంటరు, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏవో, నెదర్లాండ్స్ సాయంతోని. మహబూబ్‌నగర్, నల్గొండ రెండు దాంట్ల ఉన్నయ్. రైతులే వాన కొలిచిండ్రు, రైతులే పదిహేను రోజులకొకసారి బోర్ల మట్టం కొలిచి ఊరి గోడ మీద రాసిండ్రు, వానాకాలం పోయినంక అందరు కూసొని ఇన్ని నీళ్లున్నయ్, యాసంగిల ఇవి పెడితే ఇంత కావాలె అని బడ్జెట్ వేసుకున్నరు. ఫలానా పంట పెట్టొద్దని ఎవ్వరు ఆర్డర్ ఇయ్యలే. నేను ఈ పనిలకు వచ్చేటప్పటికి ఆ ప్రాజెక్ట్ అయిపోయింది, కాని దాంట్ల పనిచేసిన రైతుల దగ్గర్నే నేను నేర్సుకున్న.

నేను సొంతంగ పెట్టిన మొదటి బడ్జెట్ మీటింగ్ చెప్త. బడి వరండాల చార్ట్ కట్టిన, లోటు ఎంతనో ఎర్ర స్కెచ్‌తోని రాసిన, వరి తగ్గియ్యాలె, వేరుశనగ, జొన్న, పెసర పెట్టాలె అని చెప్పిన. మగవాళ్లు తల ఊపిండ్రు. వెనక నిలబడ్డ ఒక పెద్దమ్మ అడిగింది, "బిడ్డా వరి పెట్టకుంటె మా బర్లకు గడ్డి ఏడికెళ్లి తేవాలె" అని. నా దగ్గర జవాబు లేదు. లీటర్లన్ని లెక్కవెట్టిన, గడ్డి లెక్కవెట్టలే. ఆ ఊర్లె చిన్న రైతులకు ఇల్లు నడిపేది పాల పైసలు, వరి ఒడ్ల కోసమెంతనో గడ్డి కోసం కూడ అంతే. మళ్ల నెలకు పోయి గడ్డి లెక్క కూడ వేసినం, జొన్న చొప్ప ఎంత, పశుగ్రాసం పావెకరం పెడితే ఎన్ని నీళ్లు, ఎన్ని బర్లకు సరిపోతది. అప్పుడు కదిలిండ్రు. అందరు కాదు, పదకొండు ఇండ్లోళ్లు. ఇంకోటి, వడ్లు సర్కార్ కొంటది, పెసర్లు కొనెటోడు ఎవడో తెల్వదు, ఆ భయం నిజమైన భయం. నువ్వు ఈ పనిలకు వస్తే నీళ్లతోపాటు ధర, గడ్డి, కరెంట్ అన్ని తెలుసుకోవాలె. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ వచ్చింది, రాత్రిళ్లు బాయి కాడికి పోయి పాములకు, షాకులకు బలయ్యే బాధ తగ్గింది, అది ఆ ఇండ్ల ఆడోళ్లను అడిగితే తెలుస్తది. అదే కరెంట్‌తోని ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి మోటర్ ఇడిసిపెడితే మొరం ఎండిపోతది. రెండూ నిజమే, రెండూ చెప్పాలె.

మా పాలమూరుల నీళ్లు అయిపోతే మనుషులు పోతరు. ముంబై బస్సు ఎక్కుతరు, ఇంట్ల ముసలోళ్లు, పిల్లలు మిగులుతరు. కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు వచ్చిన కొన్ని ఊర్లల్ల వలస పోయినోళ్లు తిరిగి వచ్చి తాళాలు తీసిన ఇండ్లు నేను చూసిన. అందుకే నాకు ఈ పని మీద ఇంత పట్టుదల.

———

బత్తాయి_తోట:

నేను రైతును, నల్గొండ జిల్లా. మా తోటల 2002 సంది వరుసగ కరువు పడ్డప్పుడు 14 ఏండ్ల బత్తాయి చెట్లను బతికియ్యాలని ట్యాంకర్లు పెట్టి పోసినం, పైసలు అయిపోయినంక కొట్టి కట్టెలకు ఇచ్చినం. నాయిన ఆ రోజు పొలం కాడికి రాలే.

ఒక్క ముచ్చట చెప్త తమ్మీ. ఈ పదేండ్లల్ల మా బోర్లు కొలిచెటందుకు మూడు సార్లు మనుషులు వచ్చిండ్రు, ఎవరి మనుషులో పేరు చెప్ప. ఒకాయిన మా బోరు మీద తెల్ల రంగుతోని నంబర్ కూడ వేసి పోయిండు, ఇప్పటికి ఆ నంబర్ ఉన్నది. మంచిగ మాట్లాడిండ్రు, మజ్జిగ తాగిండ్రు, రాసుకున్నరు, పోయిండ్రు. ఒక్కరన్న మళ్ల వచ్చి నీ బోరు ఇట్లున్నది, మీ ఊరిది ఇట్లున్నది అని చెప్పలే. మా నీళ్ల లెక్క ఏ కంప్యూటర్‌లనో ఉన్నది, మాకు తెల్వదు. నువ్వు ఈ ఉద్యోగం చెయ్యి, మంచిది, మా ఊరి పిల్లగాడు చేస్తే ఇంక మంచిది. కొలిస్తే మళ్ల రా.

———

రాతికింద_చెలిమె:

బత్తాయి తోట అన్నా, నువ్వన్నది నన్ను కూడ అన్నట్టే, నేను కొలిచిన బోర్లల్ల సగం ఊర్లకు నేను మళ్ల పోలే. నీ బోరు మీద ఉన్న ఆ నంబర్, మండలం పేరు ఇక్కడ పెట్టకు, నాకు మెసేజ్ పెట్టు, బయటికి ఇచ్చే డేటా అయితే తీసి గ్రాఫ్ గీసి పంపుత, చదువుడు ఎట్లనో ఫోన్‌ల చెప్త.

———

మర్రిగూడ_దిక్కు:

అందరికి చేతులెత్తి దండం పెడుతున్న, ఇంత చెప్తరని అనుకోలే. రెండు సార్లు చదివిన, 17 ఎకరాల లెక్క నాయినకు ఫోన్ల చెప్పిన, ఆయన చానసేపు మాట్లాడలే, ఆఖరికి "మరి పక్కోడు పెడితే" అన్నడు.

ఇంకొకటి అడగాల్నా వద్దా అనుకుంట అడుగుతున్న. మా దిక్కు ఫ్లోరైడ్ ముచ్చట అందరికి తెలుసు. మా నానమ్మ నడుము వంగి కట్టె పట్టుకొని నడిచింది, మా మేనత్త పండ్లు పసుపు పచ్చ గీతలు. ఇప్పుడు ఇంటికి భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నయ్, మా తమ్ముని పండ్లు మంచిగున్నయ్. మరి ఈ నీళ్ల స్పెషలిస్టులకు ఫ్లోరైడ్ దిక్కు ఇంక పని ఉన్నదా, అది అయిపోయిన ముచ్చటేనా?

———

రాతికింద_చెలిమె:

అయిపోలే తమ్మీ. మన గ్రానైట్ల ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నయ్. నీళ్లు రాతి పగుళ్లల్ల ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత కరుగుతది, కాల్షియం తగ్గి సోడియం పెరిగిన నీళ్లల్ల ఇంక ఎక్కువ. అంటే బోరు లోతుకు పోయినా కొద్ది ఈ బాధ ఎక్కువయ్యే అవకాశం ఉన్నది, నీళ్ల లెక్క, ఫ్లోరైడ్ లెక్క వేరు వేరు కాదు. తాగే నీళ్లల్ల లీటర్‌కు ఒక మిల్లీగ్రామ్ మించొద్దు, వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాక ఓర్చుకోవచ్చని మన దేశం స్టాండర్డ్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతిని నాగ్‌పూర్ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు తయారు చేసిండ్రు, దాని పేరు ప్రపంచమంత నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు పుస్తకాలల్లకు అట్ల ఎక్కింది. బురద తీసుడు, మోతాదు రోజు చూసుడు, పటిక ఎక్కువైతే నీళ్లల్ల అల్యూమినియం మిగులుడు, ఇవన్ని ఊర్లల్ల నడుపుడు కష్టమయ్యింది, అందుకే ఆఖరికి నదికెళ్లి నీళ్లు తెచ్చుడే దారి అయింది.

ఇప్పటి పని ఏందంటే, ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు వచ్చినయ్ గని పొలం కాడ నాట్లేసేటోళ్లు, కలుపు తీసేటోళ్లు ఎండల ఏం తాగుతున్నరు? బోరు పైపు కాడ చెయ్యి పట్టి తాగుతరు, వేసవిల రోజుకు నాలుగైదు లీటర్లు. పైపు పగిలిన రోజు, కరెంట్ పోయిన రోజు ఇంట్ల కూడ అదే బోరు. కిట్ తీసుకొని పో, సీసాల నీళ్లు పోసి రియేజెంట్ చుక్కలు వేస్తే రంగు మారుతది, కార్డ్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తది. ఏ పొలం బోరు తాగొద్దో రంగు వేసి గుర్తు పెట్టుడు, ఇంటికెళ్లి క్యాన్ల నీళ్లు తీసుకపోవుడు అలవాటు చేసుడు, ఇది కూడ మా ఉద్యోగమే.

మీ నాయిన "పక్కోడు పెడితే" అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, పాలమూరు అక్క లెక్క మనుషులు ఊరంతటిని ఒక్క కాడ కూసొపెడితేనే దానికి దారి. నువ్వైతే ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక పని చెయ్యి. ఇంట్ల 200 లీటర్ల డ్రమ్ము ఉంటది గద, పోస్తున్న బోరు కాడ పెట్టు, మోటర్ వేసి అర్ధగంట ఆగు, మొదట్ల వచ్చేది పైపుల, బోరుల నిలువ ఉన్న నీళ్లు, వాటిని లెక్కవెట్టొద్దు. తర్వాత డ్రమ్ము ఎన్ని సెకన్లల్ల నిండుతదో ఫోన్ల చూడు. మూడు సార్లు చేసి నడిమిది రాయి. తేది, వేసిన టైమ్ కూడ రాయి.

———

మర్రిగూడ_దిక్కు:

ఆదివారం పోయి వచ్చిన. మా రెండు బోర్లు కొలిచినం. పెద్దది: 82, 80, 81 సెకన్లు. రెండోది: 131, 128, 134. పెద్దది సెకనుకు రెండున్నర లీటర్ల కాడ వస్తుంది, రెండోది ఒకటిన్నర. మూడోసారి నాయిన నా చేతులకెళ్లి ఫోన్ గుంజుకొని ఆయనే చూసిండు, డ్రమ్ము అంచు దాటి నీళ్లు కిందికి పొర్లంగనే "ఆపిన" అని ఒర్లిండు, పక్క చేన్ల మా చిన్నాయిన ఏమైందో అని ఉరికొచ్చిండు. చిన్నాయిన బోరు కూడ కొలిచినం, 97.

నాయిన మూడు బోర్ల నంబర్లు మోటర్ డబ్బా మూత లోపల బొగ్గుతోని రాసిండు. మళ్ల ఎప్పుడు కొలవాల్నో అడగమన్నడు. పదిహేను రోజులకా, నెలకా? పొద్దున కొలవాల్నా, సాయంత్రమా? పక్క బోరు బంద్ పెట్టిచ్చి కొలవాల్నా, నడుస్తుండంగనే కొలవాల్నా?

———

రాతికింద_చెలిమె:

పదిహేను రోజులకు, పొద్దున్నే, అదే టైమ్‌కు, అదే డ్రమ్ము. ఒకసారి చిన్నాయిన బోరు బంద్ పెట్టి కొలువుండ్రి, ఒకసారి నడిపిచ్చుకుంట కొలువుండ్రి. రెండు నంబర్ల నడుమ తేడా వస్తే మీ రెండు బోర్లు ఒకటే పగులుకెళ్లి గుంజుతున్నట్టు. ఆ తేడా ఎంతనో ఇక్కడ పెట్టు, చిన్నాయినను కూడ పక్కన కూసొపెట్టుకో, నేను ఫోన్ చేస్త.